మూడు నెలలు ఆగమన్న మాట

శుభాకర్ జమ్మలమడుగు కాడ నాపరాళ్ల పాలిష్ మిషన్లో కూలి. పెండ్లాం దేవకుమారికి రెండు కాన్పులూ కోతే అయినాయి, ఒంట్లో రక్తం ల్యా. మళ్లా ఆయమ్మను కోయిచ్చేది ఎందుకని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తనే చేపిచ్చుకున్యాడు. ఆ ఊర్లో మగోడు చేపిచ్చుకోవడం అదే మొదులు. చర్చి కాడ ఆడోళ్లందరికీ దేవకుమారి గొప్పగా చెప్పుకునె. మిషన్ కాడ తోటి కూలి అన్సర్ మాత్రం, "ఇంగ నిన్ను మామా అనాల్నా, అత్తా అనాల్నా?" అని రోజూ నవ్విచ్చేటోడు.

ఆసుపత్రిలో నర్సమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. మూడు నెల్లు నిరోధ్ వాడాల, ఆమీద సీసాలో వీర్యం పట్టిచ్చి పరీక్ష చేపిచ్చుకోవాల, అందాక నమ్మొద్దని. పొట్లం చేతిలో పెట్టింది. సీసా సంగతి ఆడమనిషి నోట వినేతలికి శుభాకర్ తల ఎత్తల్యా. పొట్లం బస్టాండులో పారేసి, ఇంటికొచ్చి అంతా అయిపాయ అన్యాడు.

రెండో నెల్లోనే దేవకుమారి నెల తప్పె.

"నా కొడుకుది కోసేసినాక కడుపు యాన్నుంచి వచ్చెమే?" అని శుభాకర్ అమ్మ వీధిలో నిలబడి అడిగె. దేవకుమారి మొగుని మొగం చూసె. తప్పు నాదేమా అని శుభాకర్ అంటే చాలు. అంటే పొట్లం, సీసా అన్నీ చెప్పాల, అన్సర్ దాకా పోతాది. తలకాయ వంచుకొని పనికి పాయ. దేవకుమారి పిల్లోల్లను తీసుకొని ముద్దనూరులో పుట్టింటికి పాయ.

ఇరవై దినాలు ఒక్కడే ఉడకేసుకొని తిన్యాడు. పక్కింటోల్లు గూడా పలకరిచ్చడం మానేసిరి. ఇంగ తట్టుకోల్యాక బస్సెక్కి పోయి, అత్త ముందరే అంతా చెప్పేసినాడు.

దేవకుమారి పిల్లోల్లను బయటికి పంపిచ్చి చెప్పె.

"పోయిన వారం ప్రొద్దుటూరులో కడుపు తీపిచ్చుకున్యా. ఆపరేషన్ గూడా అప్పుడే చేపిచ్చుకున్యా."

"నీకు రక్తం ల్యా గదమే."

"ఎక్కిచ్చినారు. ఇంగ నా కడుపు గురించి ఎవురికీ జవాబు చెప్పే పని ల్యా. పిల్లోల్ల బడి కోసం వస్తా. నీ కోసం కాదు."

వచ్చె. వండి పెడ్తాది, అడిగిందానికి జవాబిస్తాది, పిల్లోల్ల పక్కన పండుకుంటాది. ఒక దినం మిషన్ ఆపిచ్చి శుభాకర్ అందరికీ చెప్పినాడు, తప్పు తనదేనని. అన్సర్ గూడా నవ్వల్యా. సాయంత్రం ఇంటికి రొమ్ము ఇరుచుకొని నడుచుకుంటా వచ్చి ఆ సంగతి దేవకుమారికి చెప్పె.

"ఇప్పుడా" అనె ఆయమ్మ. మళ్లా ఉల్లిగడ్డలు కోసుకుంటా ఉండె.