మందు విమానం వచ్చిన రోజు

నా చిన్నప్పుడు ఒక ఏడాది వానాకాలం సార్వా వరికి దోమ పట్టింది. ఉంగుటూరు చుట్టుపక్కల చేలకు విమానంతో మందు చల్లుతారని తెలిసి, పిల్లలమంతా పొద్దున్నే గట్ల మీదికి చేరాం. అంతవరకు మాలో ఎవరూ విమానాన్ని దగ్గరగా చూసి ఎరగరు.

మాకు కాస్త ఎడంగా పక్కింటి మామ్మ గేదెకు గడ్డి కోస్తోంది. ఆమె వయసులో ఉండగా రంగూన్‌లో కాపురం ఉండేదట. యుద్ధం వచ్చి, అడవుల వెంట నడిచి ఇక్కడికి చేరిందట. ఊళ్ళో అందరికీ ఆమె బర్మా మామ్మే. నాకు తెలిసింది అంతే.

విమానం కొబ్బరిచెట్ల మీదుగా కిందికి దిగింది. మేం చేతులూపుతూ కేకలు పెట్టాం. అంతలో మామ్మ కొడవలి పారేసి పరుగెత్తుకొచ్చి, నన్నూ మా చెల్లెల్నీ పక్కనున్న నీటి బోదెలోకి లాగి మా మీద బోర్లా పడింది. బోదె నిండా బురద. "కదలకండమ్మా, కదలకండి" అంటోంది. ఆమె గుండె కొట్టుకోవడం నా వీపుకు తెలుస్తోంది. చెల్లెలు ఊపిరాడక గింజుకుంటోంది. విమానం రెండుసార్లు వచ్చిపోయినా ఆమె లేవలేదు. మా తాతయ్య చేలోంచి వచ్చి, "చెల్లెమ్మా, అది మందు కొట్టే విమానం. పిల్లలు బాగానే ఉన్నారు, చూడు" అని రెండు మూడుసార్లు మెల్లగా చెబితే గాని చేతులు సడలలేదు.

గట్టు మీద పిల్లలు నవ్వారు. వాళ్ళతో పాటు నేనూ నవ్వాను. మామ్మ కొంగుతో చెల్లెలి మొహం తుడిచి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

తాతయ్య నన్ను తిట్టలేదు. ఆమె వదిలేసిన గడ్డిమోపు నెత్తికెత్తుకుని, నడుస్తూ చెప్పారు. రంగూన్ మీద విమానాలు వచ్చిన రోజున మామ్మ కొడుకు వీధిలో ఆడుకుంటున్నాడట. ఆమె పరుగెత్తి చేరేసరికే అంతా అయిపోయిందట.

"ఇవాళ వేళకు చేరిందమ్మా" అన్నారు.

మర్నాడు విమానం రాకముందే నన్ను ఆమె దగ్గరికి పంపారు. "మామ్మా, ఇంకాసేపట్లో విమానం వస్తుందండి. మందు కొట్టడానికేనండి" అని చెప్పి పక్కన కూర్చున్నాను. చప్పుడు వినబడగానే నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టినా చెయ్యి లాక్కోలేదు. చప్పుడు దూరమయ్యాక, "భయపడ్డావా అమ్మా?" అని నన్నే అడిగింది.

ఇప్పుడు మా ఇంట్లో పెళ్ళికి బాణసంచా కాల్చాలన్నా, ముందు వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్పి వస్తాను. మా పిల్లలు చాదస్తం అంటారు. టీవీలో బాంబులు పడ్డ ఊళ్ళను చూసినప్పుడల్లా, అక్కడి తల్లులు ఇంకెన్నేళ్ళు ఇలా ఉలిక్కిపడాలో అనిపిస్తుంది. అలా ఉలిక్కిపడిన మనిషిని చూసి నేను మళ్ళీ ఎన్నడూ నవ్వలేదు.