కొత్తపేటలో నీడలన్నీ కుడివైపే

కాకినాడలో బొమ్మల ప్రదర్శన పెడుతున్న స్నేహితురాలు ఫోన్ చేసింది. "కొత్తపేటలో షాపుల బోర్డులు రాసే భాగ్యవతి అని ఒకావిడ మంచి బొమ్మలు వేస్తోంది. నీడలు తప్పు, దిద్దితేనే పెడదామంటున్నారు మావాళ్లు. ఆదివారం వ్యాను పంపుతున్నాం, నువ్వొకసారి చూసి చెప్పు," అంది. బొమ్మల గురించి చెప్పడానికి నేనెవరినన్న అనుమానంతోనే, 2006 వానాకాలంలో, రాజమండ్రిలో ఏడింటి అమలాపురం బస్సెక్కాను. రావులపాలెం మీదుగా గంటన్నర ప్రయాణం. కొత్తపేటలో దిగి, భాగ్యవతి గారి ఇల్లెక్కడని ఆటో అతన్ని అడిగాను.

"బోర్డుల సూరిబాబు గారి ఇల్లాండీ? ఆయ్, ఎక్కండి. పేరాయనది, పని ఆవిడదండి," అని నవ్వాడు.

అరుగు మీద అయిదు బొమ్మలు, ప్లైవుడ్ మీద ఎనామెల్ రంగులతో వేసినవి. కొబ్బరికాయల రాశి, కాలవలో పడవ, ఏ వేళవైనా సరే, అన్నిటికీ కుడివైపు కిందగా దట్టమైన నల్లటి నీడ. పెళ్లయిన కొత్తలో భర్త రాసిన అక్షరాలకు నీడలు దిద్దడంతో మొదలైందట ఆవిడ పని. పదిహేనేళ్లు అదే. అమలాపురంలో ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు ఆగిపోయాక, మిగిలిన రంగులతో కళ్లెదుట ఉన్నవి వేయడం మొదలుపెట్టారు.

"మీరు చదువుకున్నవారు. చెరిపేయమంటారా అండీ?" భాగ్యవతి గారి చేతిలో కుంచె ఉంది.

పక్కనే ఉన్న భర్త సూరిబాబు గారు అందుకున్నారు. "మన బోర్డు మీద సూర్యుడెప్పుడు పొడిచేడే? అక్షరం దూరానికి కనపడాలని నీడెట్టేం, అంతే."

"మీరూరుకోండి. మీకు బోర్డే లోకం."

"నీకు కాదేంటి? మొన్న నా బొమ్మేసి, నాకూ కుడిపక్కే నీడెట్టేవు. నేనేమైనా అమ్మకానికున్నానా?"

"ఉన్నా కొనేవాళ్లెవరండీ!" ఆవిడ నవ్వేశారు.

"తప్పో ఒప్పో నాకు తెలీదండీ," అన్నాను. "ఆ కొబ్బరి రాశి మాత్రం వీధి మలుపులోంచే కనిపించింది."

ఆవిడ పడవ బొమ్మను దగ్గరికి లాక్కున్నారు. కుంచె నల్లరంగులో ముంచి, పడవ కింద పలచబడిన నీడను ఇంకాస్త చిక్కగా దిద్దారు. "ఇలాగే పంపుతానండి. పెడితే పెడతారు, లేపోతే ఎనక్కి తెచ్చుకుంటాను."

చిత్రకారుల మీద ప్రభావమంటే గురువులో, గొప్ప బొమ్మలో అనుకునేదాన్ని. ఏళ్లతరబడి చేసిన పని చేతిలో మిగిలిపోవడం కూడా ప్రభావమేనేమో. ఆ బొమ్మలను గోడకు ఎక్కిస్తారో లేదో తెలియదు కానీ, "దిద్దించొద్దు" అని బస్టాండు నుంచే స్నేహితురాలికి ఫోన్ చేశాను. నేనంత గట్టిగా చెప్పే మాటలు తక్కువ. బొమ్మల కోసం ఆవిడ దగ్గరికి వెళ్లేవారికి ఒక్క మాట: వానాకాలంలో ఎనామెల్ ఆరడానికి రెండు రోజులైనా పడుతుంది. బొమ్మ కావాలంటే అదేరోజు ఒళ్లో పెట్టుకుని బస్సెక్కకండి, ఆరేదాకా ఆవిడ దగ్గరే ఉంచండి.