కాకా చెవి

ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ చూసే నాకు ఉద్యోగమిచ్చారని మా ఇంట్లో నమ్మకం. నాకు గుర్తొచ్చేది మాత్రం నేను ఇంటర్న్‌షిప్ చేసిన చంద్రపూర్ దగ్గరి బొగ్గు గనిలో నీళ్లు తోడే పంపులు చూసే కాకా.

మీటర్ చూసేముందు ఆయన స్క్రూడ్రైవర్ మొన పంపుకూ, పిడి తన చెవికీ ఆనించి చప్పుడు వినేవాడు. నేను మొదటి వారం రిజిస్టర్‌లో ముందురోజు రీడింగులే దించేశాను, ఆగి ఉన్న పంపుకు కూడా! కాకా తిట్టలేదు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, "ముందుగాల ఇను బిడ్డా, తర్వాత రాయి" అన్నాడు.

చివరి వారం జోరువాన. గనిలో నీళ్లు పెరుగుతున్నాయి. మీటర్ బాగానే చూపిస్తోంది. నేను స్క్రూడ్రైవర్ పంపుకు ఆనించి విన్నాను.

"గరగరమంటుంది కాకా, ఆపాలె" అన్నాను.

ఆయన తాను విని చూడలేదు. నా మాట మీదే పంపు ఆపేసి, రెండోది నడిపించి, రిజిస్టర్ నా ముందుకు జరిపాడు.

"ఇగ రాయి."