నాయన కుడిచేతి కోసం

మొన్న కార్తీకంలో తిరుపతి బస్టాండు ఎదురుగా, కొండకు పోయే యాత్రికుల కోసం రోడ్డు పక్కన కుప్పపోసి అమ్ముతున్న స్వెట్టర్లలో ఒకదాన్ని చేతికి తీసుకున్నాను. కొనే ఉద్దేశం లేదు. చిత్తూరు బస్సుకు ఇంకా సమయం ఉంది, ఊరికే నిలబడ్డాను. వంకాయరంగు ఊలు. నా బొటనవేలు తనంతట తానే అంచు వెంబడి జరుగుతూ కుట్టు కుట్టునూ తడుముతూ పోయింది. అది యంత్రం అల్లిన గుడ్డ, ఎక్కడా ఒక్క కుట్టయినా జారలేదు. కొంటారా లేదా చెప్పమని అమ్మేవాడు విసుక్కుంటే అక్కడ పెట్టేసి వచ్చి బస్సులో కూర్చున్నాను గానీ, చంద్రగిరి దాటేదాకా వేళ్ల మీదినుంచి ఆ గరుకు పోలేదు. మా ఇంట్లో నలుగురం చుట్టూ కూర్చొని ఊలు అల్లిన రోజులు నా వయసు వాళ్లకు కాక ఇంకెవరికి చెప్పుకోను? తిరుచానూరు ఎండల్లో ఎవరైనా స్వెట్టర్లు అల్లుతారా అని నవ్వకుండా వినేవాళ్లు మీరే గనుక చెబుతున్నాను.

మాది తిరుచానూరుకు కూతవేటు దూరంలోని పల్లె. వీధి చివర చిన్న పెరుమాళ్ గుడి ఉండేది. ఆ గుడిలో పూలమాలల సేవ తాతల కాలం నుంచీ మా ఇంటిది. తెల్లవారకముందే తోటల వాళ్లు బుట్టల్లో పూలు తెచ్చి మా అరుగు మీద దించేవాళ్లు. నాయన స్నానం చేసి, నామం పెట్టుకొని, పీట మీద కూర్చొని తడిపిన అరటినార అరుగు స్తంభానికి తగిలించుకున్నాడంటే ఇక ఆయన కళ్లు పూల మీద ఉండేవి కావు. వీధిలో పోయే ఆవును చూస్తూ, పాశురం గొంతులోనే తిప్పుకుంటూ, మధ్యలో నా ఎక్కాల తప్పులు దిద్దుతూ ఉండేవాడు. చేతులు మాత్రం వేరే మనిషివి అన్నట్టు పనిచేసేవి. తులసి, మరువం, కనకాంబరం, మళ్లీ తులసి. చూస్తుండగానే మాల ఆయన ఒళ్లో నుంచి అరిటాకు మీదికి పాకేది. కోపం తక్కువ మనిషి, కబుర్లూ తక్కువే. ఆయన చెప్పదలచుకున్నదంతా ఆ వేళ్లతోనే చెప్పేవాడేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఉదయం సగం కట్టిన మాల ఆయన కుడిచేతిలోంచి జారి కింద పడింది. తీసుకోబోయాడు. చెయ్యి పోలేదు. తిమ్మిరెక్కిందనుకొని ఎడమచేత్తో కాసేపు రుద్దుకున్నాడు. అమ్మను పిలవబోతే నోరు ఒకపక్కకు లాగి మాట ముద్దగా వచ్చింది. అప్పటికి ఇంటర్మీడియట్ చదువుతున్న మా అన్న సైకిల్ తీసి మా చిన్నాయన ఇంటికి పరుగెత్తాడు. పసరు మందులు తాగించారు, మండలం పాటు, నలభై రోజులు, పథ్యం చేయించారు. నడక వచ్చింది, మాట కొంత తేటపడింది. కుడిచెయ్యి మాత్రం వేలాడుతూనే ఉండిపోయింది. చివరికి రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. అక్కడ చేతికి కసరత్తు చేయించే ఒకామె అరవంలో అమ్మకు ఓపికగా చెప్పింది. వేళ్లకు ఎప్పుడూ ఏదో ఒక పని ఉండాలట. ఊలు అల్లడం మంచిదట, మట్టి పిసకడం మంచిదట, ఆయన్ను ఒంటరిగా ఒక మూల కూర్చోబెట్టకుండా ఇంట్లోవాళ్లంతా ఆయనతో కలిసి చేస్తే ఇంకా మంచిదట. చెయ్యి మళ్లీ వస్తుందా అని అమ్మ అడిగితే మాత్రం ఆమె నాయన భుజం మీద చెయ్యివేసి, చేస్తూ ఉండమని అంది.

వస్తుందని ఆమె అనలేదు. అమ్మ మాత్రం వస్తుందన్నట్టే విని ఇంటికి వచ్చింది.

మా బడిలో కుట్లు, అల్లికలు నేర్పే టీచరమ్మను నేను అడిగితే, ఆమె ఆదివారాలు చర్చిలో ప్రార్థన ముగించుకొని మా ఇంటికి రావడానికి ఒప్పుకుంది. తిరుపతిలో ఊలు కొన్నాం. అంగట్లో మిగిలిపోయిన వంకాయరంగే దొరికింది. అన్న మొదట ససేమిరా అన్నాడు, కాలేజీలో తెలిస్తే తలెత్తుకోలేనన్నాడు. అమ్మ వాడిమీద కోప్పడలేదు. పెరట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది.

"మీ నాయన ఒక్కడే సూదులు పట్టుకోని కూర్చుంటే సిగ్గుతోనే సచ్చిపోతాడు. అందరమూ పట్టుకుందాం. నువ్వు గూడా కూసో."

వాడు వచ్చి కూర్చున్నాడు. నాయన ఆ రోజు ఆడిన మాట ఒక్కటే, వీధి తలుపు మూయమని. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నాలు మా తలుపు మూసే ఉండేది. ఆ ఉక్కలో ఊలు అరచేతులకు అంటుకునేది. చెమటకు సూదులు జారేవి. టీచరమ్మ నేరుగా వేసే కుట్టు, తిరగేసి వేసే కుట్టు చూపించి, నాయన దగ్గరకు వచ్చేసరికి కాసేపు ఆలోచించి, ఒక సూదిని ఆయన కుడి చంకలో ఇరికించి, చచ్చుబడిన వేళ్లను దాని చుట్టూ ముడిచి, ఊలు నడిపే పని ఎడమచేతికి అప్పగించింది. పూలు ముడివేసిన మనిషికి ఊలు ఎంతసేపు అని మేం అనుకున్నాం. కానీ ఆయనకు తెలిసిన ముడులన్నీ కుడిచేతిలోనే ఉండిపోయాయి కాబోలు, ఎడమచెయ్యికి ఏమీ తెలియదు. ఒక వరుస వేసేలోపు రెండు కుట్లు జారేవి, వాటిని పట్టుకోబోతే పై వరుస కూడా విడిపోయేది. అన్న అల్లింది అంతకన్నా వంకరగా ఉండేది. వాడు కావాలనే అలా అల్లేవాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తట్టింది.

మట్టిపని సంగతి ఇంకో తమాషా. ఇన్ని తరాలుగా పూలతో బతికిన ఇంట్లో ఒక్కరికీ మొక్క పెంచడం రాదు. పూలు ఎప్పుడూ బుట్టల్లో వచ్చేవి, మాకు వాటి వేర్ల సంగతి తెలియదు. పెరట్లో గట్టినేల అన్న గడ్డపారతో తవ్వాడు, చేదబావి నీళ్లతో తడిపాం. అమ్మ రోజూ సాయంత్రం నాయనను చిన్న పీట మీద కూర్చోబెట్టి, ఆయన కుడిచేతిని తడిమట్టిలో పెట్టి, పైన తన చెయ్యి వేసి పిసికించేది. ఇద్దరి చేతులూ మట్టిలో కలిసిపోయి ఏది ఎవరిదో తెలిసేది కాదు. వాళ్ల పెళ్లయిన అన్నేళ్లలో నలుగురి ఎదుట అమ్మ ఆయన చెయ్యి పట్టుకోవడం నేను చూసింది అప్పుడే. మేం నాటిన మల్లె అంటు కుళ్లిపోయింది, మరువం ఎండకు మాడిపోయింది. బెండ, వంగ కాస్త కాశాయి. కనకాంబరం మాత్రం నిలిచింది. దాని ఎండిన కాయల మీద నీళ్లు చిలకరిస్తే చిటపటా పేలి గింజలు చెదిరిపడతాయని తోటల వాళ్లు కాయలు తెచ్చిచ్చి చెబితే, నాయన ఎడమచేత్తో నీళ్లు చల్లాడు. ఒక గింజ ఎగిరి అన్న ముక్కుకు తగిలింది. జబ్బుపడ్డాక నాయన నవ్వడం అప్పుడే చూశాను. నోరు ఒకపక్కకే పోయే నవ్వు. అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ గింజలు మొలిచి పూచాయి. మొదటిసారి గుప్పెడు పూలు దిగిన ఉదయం అమ్మ వాటిని తమలపాకులో పెట్టి, అరటినార తడిపి నాయన ముందుంచింది. ఆయన నార ఒక కొస పళ్లతో పట్టుకొని, ఎడమచేత్తో పూలు జతచేసి, కుడిచేతి వేలితో నొక్కిపెట్టాలని ప్రయత్నించాడు. వేలు కదలలేదు. పూలు నేల మీద పడ్డాయి. ఏరుకున్నాడు. మళ్లీ పడ్డాయి. మా చూపులు ఎక్కడ పెట్టుకోవాలో మాకు తెలియలేదు. పూలు వాడి నలిగి రంగు పోయేదాకా ఆయన ఆపలేదు. తర్వాత ఎడమచేత్తో వాటిని ఒక పక్కకు నెట్టి, చంకలో సూది పెట్టమని అన్నకు సైగ చేశాడు.

ఆ వారమే చిన్నాయన వచ్చాడు. నాయన పడిపోయినప్పటినుంచీ గుడిలో మాలలు చిన్నాయన కొడుకే కడుతున్నాడు. చిన్నాయన చెడ్డవాడు కాదు. గడప దగ్గరే నిలబడి కండువా నలుపుకుంటూ మాట్లాడాడు.

"అన్నా, సామి సేవ ఆగకూడదు గదా. నీ చెయ్యి బాగయ్యేదాకా మావోడే చేస్తా ఉంటాడు. నువ్వు సరే అంటేనే."

"బాగయ్యేదాకా అనొద్దప్పా," అన్నాడు నాయన ముద్దమాటలతో. "ఇంక వాణ్ణే చేసుకోమను. తులసి మాత్రం ముదురుది తేవొద్దని చెప్పు."

చిన్నాయన కళ్లు తుడుచుకుంటూ వెళ్లాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. తరాల సేవ అలా రెండు మాటల్లో మా గడప దాటింది.

అయినా ఆదివారాలు ఆగలేదు. టీచరమ్మ వస్తూనే ఉంది, అమ్మ మట్టి పిసికిస్తూనే ఉంది. ఒక సాయంత్రం అమ్మ బావి దగ్గర ఉండగా, ఊలు చిక్కు తీస్తున్న నాతో నాయన ఉన్నట్టుండి అన్నాడు.

"ఈ చెయ్యి రాదు అమ్మణ్ణీ. నాకు ఎప్పుడో తెలుసు."

మరి రోజూ ఎందుకు ఇంత అవస్థ పడుతున్నావని అడిగాను.

"సూదులు తెచ్చేటప్పుడు మీ యమ్మ ముఖం సూసినావా? దానికోసరం. చెప్పబాకు."

నేను చెప్పలేదు. అమ్మ పోయిన రోజు కూడా చెప్పలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు మోయడానికి అది పెద్ద బరువే. అప్పటినుంచి అమ్మ సూదులు తెచ్చిన ప్రతిసారీ నేను ఆమె ముఖం చూసేదాన్ని, చూసి తల దించుకునేదాన్ని. ఆమె ఆశ వెలుగుతూనే ఉండేది. నాయన దానికి తన చేతకాని చెయ్యి అడ్డుపెట్టి కాపాడుతున్నాడని నాకు ఒక్కదానికే తెలుసు.

ధనుర్మాసం మొదలైన వారంలో ఒక మధ్యాహ్నం నాయన పెరట్లో కుర్చీలోనే పోయాడు. కునుకు తీస్తున్నాడనుకొని అమ్మ ఎండ పడకుండా గుడ్డ కూడా కట్టింది. సూది చంకలోనే ఉంది.

కర్మలన్నీ అయ్యాక, మేం అల్లిన వంకాయరంగు గుడ్డలన్నీ అమ్మ ముందేసుకొని ఒక్కొక్కటిగా విప్పేసింది. నాయన అల్లింది జానెడు కూడా లేదు. అది ఉంచుకుందామని నేను అడిగితే, ఉంచుకొని ఏం చేస్తామని తిరిగి అడిగింది. విప్పిన ఊలు మెలికలు మెలికలుగా కుప్పపడింది, ఎంత గట్టిగా ఉండ చుట్టినా ఆ మెలికలు పోలేదు. టీచరమ్మకు ఇచ్చేశాం. ఆ ఎండాకాలం బావి అడుగంటింది. తాగడానికే నీళ్లు లేనప్పుడు కనకాంబరాలకు ఎవరు పోస్తారు? వాటికి పోయలేదు. మళ్లీ మా ఇంట్లో ఎవరూ సూదులు పట్టలేదు, మొక్క నాటలేదు. ఆ ఇల్లు ఉన్న చోట ఇప్పుడు యాత్రికుల లాడ్జి ఉంది. నేను టీచరునై రిటైరయ్యేలోపే బడుల్లో కుట్ల తరగతి కూడా పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకు తలచుకుంటున్నానంటే, ఆ రోజు నేను చిత్తూరు బస్సెక్కింది మా అన్నను చూడటానికి. వాడికీ నాయన జబ్బే వచ్చింది, అదే కుడిపక్క. వదిన పోయి చాలా కాలమైంది. కొడుకు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో పని, వారానికి ఒకసారి వస్తాడు. కోడలు బ్యాంకులో చేస్తుంది, వచ్చేసరికి పొద్దుపోతుంది. మంచివాళ్లే, లోటేమీ చెయ్యరు. పగలంతా చూసుకోవడానికి మనిషిని పెట్టారు, కసరత్తు చేయించడానికి ఒకతను ఇంటికే వస్తాడు, చేతికి కరెంటు పెట్టే పరికరం ఉంది, పిసకడానికి రబ్బరు బంతి ఉంది. నాయన కాలంలో ఇవేవీ లేవు. వీటిలో ఒకటైనా ఉండి ఉంటే అని అనుకోని రోజు లేదు నాకు.

నేను వెళ్లేసరికి వాడు కిటికీ దగ్గర బంతి పట్టుకొని కూర్చున్నాడు. వాణ్ణి చూసుకునే మనిషి వంటగదిలో ఫోను చూసుకుంటున్నాడు. పక్కన కూర్చొని వాడి చెయ్యి నా ఒళ్లో పెట్టుకున్నాను. వాడు నా వైపు చూసి, బలమంతా కూడదీసుకొని చూపుడువేలు పైకెత్తాడు. నిజంగానే లేచింది, బాగా లేచింది. నాయన ఇంట్లో అయితే ఆ ఒక్క వేలికి అమ్మ పొయ్యి మీద పాలు వదిలేసి వచ్చేది, వీధి తలుపు తెరిచి అందరినీ పిలిచేవాళ్లం.

"ఎప్పట్నుంచి లేస్తా ఉండాది?" అని అడిగాను.

"నెలయింది," అన్నాడు అన్న. "ఎవురికీ చెప్పలేదు. పక్కన కూసోని సూసేదానికి ఎవురుండారు?"

వేలు దించుకొని వాడు మళ్లీ బంతి పట్టుకున్నాడు. సాయంత్రం బస్సు వేళయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.