కోత ఎనక్కి

మా నాన్న పోతూ పోతూ మాకు రెండు ఆస్తులు మిగిల్చాడు. ఒకటి ట్రయల్స్ బండి, రెండోది అన్నయ్య చెయ్యి. బండి షెడ్డులో పడి తుప్పు పట్టింది. చేతికి మాత్రం ఏ తుప్పూ పట్టలేదు.

ట్రయల్స్ బండి అంటే జోరుగా పరుగెత్తేది కాదు. రాళ్ల మీదా గుట్టల మీదా మనిషి నడక కంటే నెమ్మదిగా ఎక్కాలి, కాలు మాత్రం నేలకి తగలకూడదు. తగిలిందంటే తప్పు కింద లెక్క. నాన్న మిలిటరీలో ఉన్నన్నాళ్లూ ఆ ఆటలోనే పేరు తెచ్చుకున్నాడు. పింఛనుతో ఇంటికొస్తూ ఆ బండిని వేలంలో కొని, గరివిడి స్టేషన్లో దింపించుకున్నాడు. అప్పటికి అన్నయ్యకి మీసాలు కూడా రాలేదు. మర్నాడే వాడికి నేర్పడం మొదలుపెట్టాడు.

ఊరి బయట ఫ్యాక్టరీ కొలిమిలోంచి పారబోసిన స్లాగు గుట్టలుండేవి. నల్లటి పెంకులు, పడితే తోలు లేచిపోతుంది. అన్నయ్య ఎక్కి దిగిరాగానే నాన్న "ఎన్ని?" అనేవాడు. కాలు ఎన్నిసార్లు దించాడో అన్నయ్యే చెప్పాలి. చెప్పి, తన ప్యాంటు తనే మోకాలిదాకా మడిచి, ఎడమ కాలు ముందుకి చాపాలి. తెగిపోయిన క్లచ్ కేబుల్‌తో అన్ని దెబ్బలు పడేవి. నెత్తురు చెప్పులోకి కారేది. వాడు ఏడిస్తే మళ్లీ మొదటి నుంచి.

లెక్క సరిచూడ్డానికి కింద నన్ను నిలబెట్టేవాడు. నేను ఎప్పుడూ ఒకటి తగ్గించి చెప్పేదాన్ని. అన్నయ్య భయంతో ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు కాబట్టి లెక్కలు కలిసేవి కావు, నా చెంప వాచిపోయేది. అయినా తరవాతి వారం కూడా ఒకటి తగ్గించే చెప్పేదాన్ని. మొండితనంలో మా ఇంట్లో ఒకరికి ఒకరు తీసిపోరు.

పెద్దయ్యాక అన్నయ్యకి ఫ్యాక్టరీలో పని దొరికింది, ఆ చేతికి మనుషులు దొరికారు. కాలి మీద చక్రం ఎక్కించాడని చీపురుపల్లి గేటు దగ్గర ఒక ఆటోవాణ్ణి కిందికి లాగి ముక్కు పగలగొట్టాడు. పనిలో మాటా మాటా వచ్చి మేస్త్రీ పళ్లు రాలగొట్టాడు. ఇంట్లో వదినని కొట్టడానికైతే మాటా మాటా కూడా అక్కర్లేదు. మణికట్టు విరిగి, అది అతుక్కునేలోపే మళ్లీ తన్నులు తిని, వదిన రాజాంలో పుట్టింటికి వెళ్లిపోయింది. తిరిగి రాలేదు. మంచి పని చేసిందనే నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఆమె వెళ్లిన వారం అన్నయ్య భోజనానికి మా ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చోబెట్టి చెప్పాను: "నా ఇంట్ల ఒక్కపాలి నీ సెయ్యి లేసిందంటే, మరి ఈ గుమ్మం నీకు లేదు. అన్నవని సూడను." వాడు తలెత్తకుండా అన్నం కలుపుకున్నాడు.

వాడికి నేను తప్ప ఎవరూ లేరు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో తినే ఆ ఒక్క పూటే వాడు మనుషుల మధ్య తినే తిండి. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. అందుకే మా ఇంట్లో ఉన్నంతసేపూ రెండు చేతులూ చంకల్లో దోపుకుని కూర్చునేవాడు. చూస్తే కోపం వచ్చేది, జాలీ వేసేది.

బండి మా పెరట్లోకి తెచ్చి బాగుచేద్దామన్నది మా ఆయన. చీపురుపల్లిలో పొలం మోటార్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఆయనది. ఆయనకి కోపం రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. ఆ చేతులకి ఏదో ఒక పని చూపిస్తే మనుషుల జోలికి రావని ఆయన ఆశ. నాకూ ఆ ఆశ ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పడం.

పాత కార్బరేటర్ అరిగిపోయింది. పెట్రోలు కారుతూనే ఉండేది. నెమ్మదిగా వెళ్లాల్సిన చోటే ఇంజన్ చచ్చేది. స్టార్ట్ చేయబోతే కిక్ రాడ్ ఎదురుతన్ని అన్నయ్య పిక్క మీద కొట్టేది. వాడు పెద్ద పానా తీసుకుని ట్యాంకు సొట్టలు పడేదాకా బాదేవాడు. బండి కాబట్టి నేను ఊరుకునేదాన్ని. ఇలా కాదని చెప్పి మా ఆయన కొత్త రకం కార్బరేటర్ తెప్పించాడు. దాని మూతి కొలత ఇంజన్‌కి కుదరకపోతే మధ్యలోకి అల్యూమినియం రింగు తనే తరిగాడు. కొన్ని ఆదివారాలు ఆ పనిలోనే గడిచాయి. అన్నయ్య చేతులు చంకల్లోంచి బయటికొచ్చాయి. ఒకరోజు తింటూ తింటూ నవ్వాడు కూడా, నేను పులుసు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కార్బరేటర్ లోపల పైకీ కిందికీ జారే చిన్న గుండ్రటి ముక్క ఒకటుంటుంది. స్లైడు అంటారు. యాక్సిలేటర్ తిప్పితే అది లేచి గాలికి దారిస్తుంది. దాని అడుగున ఒక పక్క ఏటవాలుగా కోత ఉంటుంది. ఆ కోత గాలి వచ్చే వైపుకే ఉండాలి. తిరగేసి పెడితే స్లైడు సరిగా మూసుకోదు, ఇంజన్ ఎవరి మాటా వినదు.

ఆ ఆదివారం మా ఆయన వసారాలో బల్ల మీద కార్బరేటర్ బిగిస్తున్నాడు. అన్నయ్య పెరట్లో బండి దగ్గర కేబుల్ సర్దుతున్నాడు. అక్కడి నుంచే కేకేశాడు: "బావా, కోత ఎనక్కి ఎట్టు." ఈ రకం ఆయనకి కొత్త. అలాగేనని ఎనక్కే పెట్టాడు.

బండి మీద పుట్టి పెరిగినవాడికి ఎనక అంటే వెనక చక్రం వైపు. ఆ బండికి గాలి వచ్చేదీ అటు నుంచే. బల్ల మీద ఇంజన్లు విప్పేవాడికి కార్బరేటర్ గాలి పీల్చే మూతి ముందు, ఇంజన్‌కి అతుక్కునే వైపు ఎనక. ఎవరి ఎనక వాళ్లకి సరైనదే. ఇద్దరూ ఆ మాట అర్థమైందనే అనుకున్నారు.

అన్నయ్య ఎక్కి ఒక్క తన్ను తన్నాడు. ఇంజన్ అంటుకుంది, అంటుకోవడమే చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది. పెరడంతా పొగ కమ్మింది. యాక్సిలేటర్ మూసినా అరుపు ఆగలేదు. ఆ బండికి తాళం లేదు, ఆపే బటన్ ఎప్పుడో ఊడిపోయింది. కంగారులో వాడి కాలు గేరు మీద పడింది. బండి ఎగిరి దూకి, బట్టలుతికే బండని గుద్దుకుని, గాలిలో తిరగబడి వాడి మీదే పడింది. వాడి నుదురు బండ అంచుకి కొట్టుకుని చీలింది. కాలు బండి కింద ఇరుక్కుంది, వెనక చక్రం వాడి తొడ పక్కనే మట్టి చిమ్ముతూ తిరుగుతోంది. అప్పుడు కూడా ఇంజన్ అరుస్తూనే ఉంది.

మా ఆయన పరుగెత్తి వెళ్లి కార్బరేటర్ మూతికి అరచెయ్యి అడ్డంపెట్టి నొక్కాడు. గాలి జల్లెడ ఇంకా బిగించలేదు కాబట్టి అందింది. ఇంజన్ ఆయన అరచేతి తోలు పట్టుకుని లాగింది, మోచెయ్యి సైలెన్సర్ గొట్టానికి అంటుకుని చుర్రుమంది. ఆయన తియ్యలేదు. గాలి అందక ఇంజన్ రెండు మూడు సార్లు దగ్గి చచ్చింది.

అన్నయ్య బండి కిందనుంచి కాలు లాక్కుని లేచాడు. కళ్లలోకి నెత్తురు కారుతోంది. పక్కనే పడున్న పానా చేతిలోకి తీసుకున్నాడు.

"కోత ఎనక్కన్నాను."

"ఎనక్కే ఎట్టినాను, బావా," అన్నాడు మా ఆయన.

"ఎనకంటే ఏటి నీకు?"

మా ఆయన కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఇది గాలి తాగే మూతి, ఇది ముందు, అని రెండో చేత్తో చూపిస్తున్నాడు. ఇంకా చెబుతుండగానే పానా ఆయన భుజం మీద పడింది. మెడ దగ్గర ఎముక విరిగిన చప్పుడు గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది.

నేనెప్పుడు పెరట్లోకి దిగానో నాకు తెలీదు. బండి నుంచి విప్పి పారేసిన పాత కేబుల్ చేతికి తగిలింది. దాన్ని చేతికి చుట్టుకుని ఎత్తాను. వాడి కాలి మీద కాదు, మొహం మీద కొట్టాలనిపించింది, అడ్డంగా, కళ్ల మీదుగా. నాన్న రెండో ఆస్తి వాడొక్కడికే వచ్చిందని ఇన్నేళ్లూ అనుకున్నాను.

అన్నయ్య నన్ను చూడలేదు. కేబుల్‌ని చూశాడు. పానా వాడి చేతిలోంచి జారిపోయింది. తల సగం నెరిసిన ఆ మనిషి వంగి, ప్యాంటు మోకాలిదాకా మడిచి, ఎడమ కాలు ముందుకి చాపాడు. పాత మచ్చలు తెల్లగా, ఒకదాని మీద ఒకటి. కళ్లు మూసుకున్నాడు.

"ఒకటి," అన్నాడు.

ఆ గుట్ట కింద ఒకటి తగ్గించి చెప్పిన నోరే ఇది. ఇప్పుడూ ఒకటి తగ్గిస్తే ఏమీ మిగలదు, వాడు లోపలికొచ్చి కంచం ముందు కూర్చోవచ్చు. వెనక మా ఆయన పళ్ల బిగువున మూలుగుతున్నాడు.

"ఒకటే," అన్నాను. "నానూ సూసినాను. ఎల్లిపో."

కేబుల్ కింద పడేశాను. వాడు ప్యాంటు దింపుకుని, కుంటుకుంటూ గేటు దాటి వెళ్లాడు. నేను గేటుకి గొళ్లెం పెట్టి, మా ఆయన్ని ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లాను.

ఎముక అతుక్కునేదాకా ఆగే ఓపిక మా ఆయనకి లేదు. చెయ్యి మెడకి కట్టుకుని, రెండో చేత్తోనే కార్బరేటర్ విప్పి, నా చేత స్లైడు కోత గాలి వైపుకి తిప్పించాడు. కిక్ కూడా నేనే కొట్టాను, నడపడమూ పెరట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడది ఎంత నెమ్మదిగా వెళ్లమన్నా వెళ్తుంది, ఎక్కడా చావదు. చూసి ఉంటే నాన్న కూడా వంక పెట్టలేకపోయేవాడు.

ఆదివారాలు క్యారేజీ కట్టుకుని ఆ బండి మీద గరివిడి నేనే వెళ్తున్నాను. చప్పుడు వినగానే అన్నయ్య వాకిట్లోకి వచ్చి, చేతులు చంకల్లో దోపుకుని నిలబడతాడు. దగ్గరికొచ్చాక ఒక చెయ్యి బయటికి తీస్తాడు. నేను నడక కంటే నెమ్మదిగా వాడి పక్కనుంచి పోతూ క్యారేజీ అందిస్తాను. కాలు మాత్రం దించను.