ఫుట్‌బాల్ చూడనీకి పోతున్నం

ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైన నాటి నుంచి మా తాండూరు వైపు మగవాళ్లకు ఒక కొత్త అలవాటైంది. బస్సులో నలుగురు ఆడవాళ్లు కలిసి కూర్చుంటే చాలు, ఎవరో ఒకాయన వెనక్కి తిరిగి, "ఏడికమ్మా అందరు గల్సి బయలెల్లిన్రు?" అని అడుగుతాడు. పెళ్లికి అంటే తల ఊపుతాడు. దవాఖానకు అంటే అయ్యో అంటాడు. మేము మాత్రం "ఫుట్‌బాల్ చూడనీకి పోతున్నం" అనేవాళ్లం. మొదట్లో ఎగతాళి చేస్తున్నామనుకున్నారు. నిజమేనని తెలిశాక మాకే పిచ్చి పట్టిందనుకున్నారు.

నేను తాండూరులో బట్టలు కుడతాను. మా ఆయన నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేస్తాడు. ఇంటికొచ్చేసరికి ఆయన కనుబొమ్మల మీద కూడా రాతిపొడి ఉంటుంది. మాతోపాటు మా అత్త ఉంటుంది. ఆమెది బషీరాబాద్ అవతల, కర్ణాటక సరిహద్దు పల్లె. పుట్టింట్లో, అత్తింట్లో కూడా గొర్లే. మోకాళ్లు అరిగాక మంద అమ్మేసి మా దగ్గరికి వచ్చేసింది. ఇక మా బిడ్డ. ఇంటర్ చదువుతుంది, జిల్లా అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టులో డిఫెండర్. అంటే గోల్ దగ్గరికి ఎవరినీ రానివ్వకుండా అడ్డుకునే పిల్ల.

పక్క జిల్లాల జట్లు మా దగ్గరికి వచ్చి ఆడతాయి, మావాళ్లు వాళ్ల దగ్గరికి వెళ్లి ఆడతారు. సొంత గడ్డ మీద ఆడే మ్యాచ్‌లన్నీ వికారాబాద్ గ్రౌండ్‌లోనే. బిడ్డ జట్టులో చేరిన మొదటి సంవత్సరం నేను ఒక్కటీ చూడలేదు. ఏదైనా పని మీద పోవడానికి ఖర్చు పెట్టడం మాకు తెలుసు. ఊరికే చూసి రావడానికి ఖర్చు పెట్టడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. మ్యాచ్ అయిన సాయంత్రం నా బిడ్డ వంటింట్లో చాట ముందేసుకుని, అందులో కందిపప్పు పరిచి, "గిది నేను, గిది వాళ్ల ఫార్వర్డ్, గిది మా గోల్‌కీపర్" అంటూ వేలితో జరిపి చూపించేది. కన్నకూతురి ఆటను పప్పుగింజల్లో చూసిన తల్లిని నేను.

బస్సు ఉచితమైందని తెలిసిన వారం నాకు మొదట గుర్తొచ్చింది పుట్టిల్లు కాదు, గుడి కాదు. ఆ గ్రౌండే.

"ఆదివారం మ్యాచ్‌కు నేను పోతున్న" అని ఇంట్లో చెప్పాను.

మా ఆయన అన్నం కలుపుతూ ఆగాడు. ఏదో అనబోయాడు. అంతలో అత్త అందుకుంది. "నేను గూడ వస్త. పొల్ల ఏం ఆడుతదో నా కండ్లతోటి నేను జూస్త."

ఆ ఆదివారం గ్రౌండ్‌లో చూడటానికి వచ్చిన ఆడవాళ్లం మేమిద్దరమే. గోడ మీద కుర్రాళ్లు, చెట్ల కింద మగవాళ్లు. మేము గీత పక్కన నేల మీద కూర్చున్నాం. అత్తకు ఆట ఏమీ తెలియదు. ఎవరు మనవాళ్లో అడిగి తెలుసుకుంది, అంతే. కాసేపటికి ఎదుటి జట్టు పిల్ల ఒకతె బంతితో మావాళ్ల గోల్ వైపు దూసుకొచ్చింది. నా బిడ్డ అడ్డంగా పరుగెత్తింది. అప్పుడు అత్త లేచి నిలబడి గొంతు విప్పింది. "హుర్ర్ర్... హాయ్!" గుట్ట ఇవతల నుంచి అవతల ఉన్న మందను మళ్లించే కేక అది. గ్రౌండ్ అంతా మావైపు తిరిగింది. రెఫరీ విజిల్ నోట్లో పెట్టుకునే ఆగిపోయాడు. నా బిడ్డ మాత్రం బంతిని బయటికి తన్నేసి, నడుము మీద చేతులు పెట్టుకుని పగలబడి నవ్వింది.

అలా మొదలైంది. తర్వాతి మ్యాచ్‌కు మా వీధి చివర ఉండే గోల్‌కీపర్ తల్లి వచ్చింది. ఆమె ఆదివారం చర్చికి పోయి, ప్రార్థన కాగానే తెల్లచీరతోనే నేరుగా బస్సు స్టాపుకు వచ్చేది. జట్టులోని మిగతా పిల్లల తల్లులు, మేనత్తలు, అక్కలు ఒక్కొక్కరే తోడయ్యారు. ఏ పిల్లా జట్టులో లేని ఆడవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. వాళ్లకు ఆట నచ్చింది, అంతే.

మా చిక్కంతా బస్సు దగ్గరే. మా స్టాపు ఊరి బయట, పాలిష్ యూనిట్ల దగ్గర ఉంటుంది. అక్కడ ఆడవాళ్లు గుంపుగా కనిపిస్తే కొందరు డ్రైవర్లు ఆపకుండా పోయేవారు. చెయ్యెత్తితే ముందుకు చూపించేవారు, వెనక ఇంకో బస్సుందని. వెనకదీ అదే చేసేది. చివరికి బస్సుల సంగతి చూసే ఒక సారు దగ్గరికి నేనూ, అత్తా, గోల్‌కీపర్ తల్లీ వెళ్లాం. మ్యాచ్ ఉన్న రోజు మాకో బస్సు వేయగలరా, లేకపోతే ఉన్న బస్సే మా దగ్గర ఆపగలరా అని అడిగాం.

ఆయన చెడ్డవాడేమీ కాదు. కుర్చీలు వేయించాడు. "జాతరకైతే స్పెషల్ ఏస్తం. పరీక్షలకు ఏస్తం. బంతాట జూడనీకి బస్సెయ్యాలంటే పైనోళ్లు నవ్వుతరమ్మా" అన్నాడు.

"మాకు గిదే జాతర సారూ" అంది అత్త.

ఆయన కూడా నవ్వాడు. చెప్పి చూస్తానన్నాడు. చెప్పాడో లేదో మాకు తెలియదు. బస్సులు మాత్రం ఎప్పటిలాగే పోతూనే ఉన్నాయి.

ఆ తర్వాతి ఆదివారం పెద్ద మ్యాచ్. గెలిస్తే మావాళ్లు నేరుగా తర్వాతి దశకు పోతారు, ఓడితే ఇంకో మ్యాచ్ గెలవాలి. పిల్లలు పొద్దున్నే ఆట నేర్పే సారుతో వెళ్లిపోయారు. మేము ఎండలో స్టాపు దగ్గర నిలబడ్డాం. ఒక బస్సు వచ్చింది. చేతులెత్తాం. డ్రైవర్ మావైపు చూశాడు కూడా. చూసి, వేగం పెంచాడు. దుమ్ము మా మొహాల మీద పడింది. గోల్‌కీపర్ తల్లి తన తెల్లచీర దులుపుకుంటూ, "ఇంటికి పోదామా?" అంది మెల్లగా.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇంటికి పోతే నాకోసం చాటలో కందిపప్పు ఉంది, తెలుసు. "నేను పోను" అన్నాను. తర్వాతి బస్సు మలుపు తిరగడం కనిపించగానే నడుచుకుంటూ వెళ్లి రోడ్డు మధ్యలో నిలబడ్డాను. ఆ మలుపు దగ్గర ఏ బండైనా నెమ్మదించాల్సిందే. పక్కన ఏదో తగిలింది. చూస్తే అత్త. ఆమె పక్కన తెల్లచీర. ఆ వెనక అందరూ.

బస్సు ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సావాలని ఉన్నదా?"

"సావనీకి గాదన్నా, ఎక్కనీకి" అన్నాను.

లోపల జనం బాగానే ఉన్నారు గానీ నిలబడటానికి చోటుంది. మేము ఎక్కుతుంటే ముందు సీట్లోని ఒక తెల్లచొక్కా ఆయన గట్టిగా అన్నాడు. "ఫ్రీగ ఎక్కుడు, మల్ల దాదాగిరి. పైసలిచ్చినోళ్లం మేం ఇరుక్కొని గూసోవాలె."

ఇలాంటివి చాలాసార్లు విన్నాను. విని కిటికీలోంచి బయటికి చూసేదాన్ని. ఆ రోజు చూడలేదు.

"అన్నా, నేను దారం కొన్నా, సూది కొన్నా, నూనె కొన్నా సర్కారుకు పన్ను గడుతున్న. మా ఆయన రాతిపొడి మింగి సంపాదించినదాంట్ల గూడ గడుతున్న. గీ బస్సు నా పైసలతోటి గూడ నడుస్తది. నీకు ఇరుకైతే జెప్పు, ఇంకింత జరిగి నిలవడ్త. గానీ మాట మాత్రం పడ."

ఈసారి ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. వెనక నుంచి ఇంకెవరో, "మరి ఇండ్లల్ల వంటలెవరు జేస్తరు?" అన్నారు.

"నీ ఇంట్ల నువ్వు జేస్కో" అంది అత్త, అటు తిరిగైనా చూడకుండా. బస్సులో సగం మంది నవ్వారు, మగవాళ్లతో సహా.

కండక్టర్ ఆడపిల్లే. మా ఆధార్ కార్డులు చూస్తూ మిషన్ మీద టికెట్లు కొట్టింది. నా చేతిలో పెడుతూ గొంతు తగ్గించి, "సున్నా రాసున్నా గిది టికెట్టే అక్కా. గట్టిగ పట్టుకో" అంది. ధారూర్ దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేదాకా నా చెయ్యి ఆ టికెట్‌ను వదల్లేదు.

మేము చేరేసరికి రెండో సగం మొదలైపోయింది. ఇరువైపులా గోల్ లేదు. మేము గీత పక్కకు చేరగానే అత్త ఊపిరి తీసుకుని తన కేక పెట్టింది. నా బిడ్డ తల తిప్పి చూసింది. వచ్చారా అన్నట్టు చూసింది. ఆ క్షణంలోనే ఎదుటి జట్టు పిల్ల ఆమెను దాటేసింది. నా బిడ్డ వెనక నుంచి పరుగెత్తి, అందుకోబోయి, ఆ పిల్ల కాలికి తగిలించి పడేసింది. ఇద్దరూ మట్టిలో దొర్లారు. విజిల్. పెనాల్టీ. గోల్‌కీపర్ కుడివైపు దూకింది, బంతి ఎడమవైపు పోయింది. ఆ ఒక్క గోల్‌తోనే మావాళ్లు ఓడిపోయారు.

గోడ మీద కుర్రాళ్లు ఈల వేశారు. "ఇంటికి పోయి రొట్టెలు జేస్కోండ్రి!" అని అరిచారు. మా పిల్లలు తలలు దించుకుని నడిచొస్తున్నారు. అప్పుడు గోల్‌కీపర్ తల్లి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. గోల్ వదిలింది ఆమె బిడ్డే. ఈలలు వినిపించనంత గట్టిగా, చేతులు ఎర్రబడేలా కొట్టింది. మేమందరం లేచాం. పిల్లలు బట్టలు మార్చుకునే గదిలోకి పోయేదాకా ఆపలేదు.

తిరుగు బస్సులో నా బిడ్డ మాతోనే వచ్చింది. మోకాలు చీరుకుపోయింది. బస్సు ఊరు దాటేదాకా దాన్నే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత ఒక్కసారిగా అంది. "మీరెందుకొచ్చిన్రు? అవ్వ గట్ల అర్వంగనే నేను అటు జూసిన. మీరు రాకుంటే బాగుండు."

రోడ్డు మధ్యలో నిలబడ్డప్పుడు లేని భయం అప్పుడు వేసింది. నిజమేనేమో. మేమే ఓడగొట్టామేమో. ఆమె మోకాలి మీద నీళ్లు పోసి తుడుస్తున్నాను.

అత్త మాత్రం ఏమీ చలించలేదు. "గట్లైతే ఇంకోపారి సూడకు. నేనైతే అరుస్త" అంది.

నా బిడ్డ ఆమెను కోపంగా చూసింది. పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో ఏడుపు ఆపుకుందో తెలియలేదు. ధారూర్ వచ్చేసరికి అవ్వ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.

తర్వాతి మ్యాచ్ రోజు పొద్దున నా బిడ్డ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. సంచి భుజానికి వేసుకుని వెళ్లిపోయింది. నేను మిషన్ ముందు కూర్చుని ఒక జాకెట్టు చెయ్యి తప్పుగా కుట్టి విప్పాను. అత్త చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

"పొల్ల వద్దన్లే గద?"

"రమ్మని గూడ అన్లే."

"గట్లైతే పోదాం పా."

బయటికి వస్తే మా ఆయన. తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా వెనకే నడుస్తున్నాడు. ఆ రోజు వచ్చిన బస్సు ఆగింది. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆలోచించి ఆగింది. అన్నీ ఆగుతాయని చెప్పను. ఇప్పటికీ కొన్ని ఆగవు. ఆగని రోజు మేము మలుపు దాకా నడుస్తాం. ఆ రోజు మా గుంపులో టికెట్ కొన్నది మా ఆయన ఒక్కడే. అందరూ ఆయన్నే చూసి నవ్వుతుంటే సిగ్గుపడుతూ చిల్లర జేబులో వేసుకున్నాడు.

ఆ మ్యాచ్ గెలిచారు. ఆట అయ్యాక నా బిడ్డ చెమటతో, మట్టితో వచ్చి మా ముందు నేల మీద కూలబడింది. నా చేతిలోని నీళ్ల సీసా లాక్కుని సగం తాగి, మిగతాది నెత్తి మీద పోసుకుంది. ఆమె బాపు మొదటిసారి ఆమె ఆట చూశాడు. "వచ్చే ఆట ఏడుంది?" అన్నాడు.

"మహబూబ్‌నగర్ల. మనది గాదు బాపూ, ఆళ్ల గ్రౌండ్."

అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆట చూడటానికి మేము సొంత గడ్డ దాటి ఎప్పుడూ పోలేదు.

"గాడికి గూడ ఫ్రీయేనా?" అంది గోల్‌కీపర్ తల్లి.

"రాష్ట్రమంత ఫ్రీయే" అన్నాను. "కానీ కొడంగల్‌ల దిగి ఇంకో బస్సు మారాలె."

"మారుదాం తియ్" అంది అత్త.