మూలన వదిలిన దోసెడు

మొలకెత్తిన వడ్లు ఎవరి కోసమూ ఆగవు. ఈ చిన్న సంగతి మా ఇంటి మగవాళ్ళకి చెప్పడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. వాళ్ళకి అర్థమైందని ఇప్పటికీ నాకు నమ్మకం లేదు.

తొంభైల మొదట్లో ముక్తేశ్వరం వైపు నుంచి కొత్తపేట దగ్గరి ఊరికి కోడలిగా వచ్చాను. పుట్టింట్లో నేర్చుకున్న విద్యల్లో వంట అంతంతమాత్రం. మండె కట్టడం మాత్రం మా అమ్మంత బాగా వచ్చు. విత్తనం వడ్లు గోనెసంచిలో కట్టి ఒక రోజంతా కాలువలో నానేస్తాం. తీసి, నీరు ఓడ్చి, వరిగడ్డి మీద కుప్పగా పోసి, పైన మళ్ళీ గడ్డీ తడిగోనెలూ కప్పి బరువు పెడతాం. అదే మండె. లోపల వేడి పుట్టి మర్నాటికి గింజ ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తుంది. ఆ రోజే ఆకుమడిలో చల్లెయ్యాలి. నారుని మా వైపు ఆకు అంటాం, దాన్ని పెంచే మడి ఆకుమడి. ఒక రోజు ఆగితే మొలకలు సాగి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, విడదీస్తే పుటుక్కున విరుగుతాయి. రెండు రోజులు ఆగితే లోపల ఉడికిపోయి పులిసిన వాసన కొడుతుంది. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు. చెయ్యి లోపల పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

కానీ మా అత్తవారింట్లో చెయ్యి పెట్టి చూసేది ఒకరు, చల్లేది ఒకరు. మా మావగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఆయన అన్నగారు, అంటే నాకు పెద్దమావగారు, ఆయన చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. ఆయన మొదటి పిడికెడు చల్లితేగాని మా వాళ్ళలో ఎవరూ ఆకుమడి వేసుకోరు. పైగా మేము చేసేది ఆయన పొలమే. రెండెకరాలు కౌలుకి. మాకు సొంతంగా ఉన్నదల్లా ఇల్లూ, దాని చుట్టూ పది కొబ్బరిచెట్లూ. ఆ రెండెకరాలు పోతే మా ఆయన కూలికి వెళ్ళాల్సిందే.

నేను వచ్చిన మొదటి సార్వాకి, అంటే తొలకరి పంటకి, మండె నేనే కట్టాను. స్వర్ణ వడ్లు. మర్నాడు సాయంత్రానికి ముక్కు చక్కగా పగిలింది. తెల్లారి చల్లాలని మా ఆయనకి చెప్పాను. ఆయన పెదనాన్నగారింటికి వెళ్ళి వచ్చి చెప్పులు విప్పుతూ అన్నారు.

"రేపు శనివారం కదా, వాడపల్లి గుడికి వెళ్తారంట. ఆదివారం వస్తానన్నారు."

"మరి మీరేమన్నారండి?"

"ఆయ్, అలాగేనండి అన్నాను."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయన చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు, పొరుగువాడి గట్టు జానెడైనా చెక్కడు. ఆ ఆయ్ ఒక్కటే ఆయన జబ్బు. ఎవరేమన్నా ఆయ్. మా వైపు వాళ్ళ మర్యాద గురించి బయటివాళ్ళు మురిసిపోతూ చెబుతుంటారు. మురిసిపోయేవాళ్ళని ఒక్కసారి మా మండె దగ్గర కూర్చోబెట్టాలి.

శనివారం మండె విప్పి నీడలో పరిచాను, వేడి తగ్గుతుందని. విప్పకూడదని అత్తగారు అడ్డొచ్చింది. ఆదివారం పదింటికి పెద్దమావగారు వచ్చేరు. పెసరట్టు తిన్నారు, కాఫీ తాగేరు, వాడపల్లిలో జనం ఎంతమంది ఉన్నారో చెప్పేరు. నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. మా ఇంట్లో నారు పోసేవాడు కాఫీ ముగించేసరికి మొలకలు అంగుళం పొడుగు సాగాయి. ఆయన గుప్పెట్లోంచి అవి విడిగా రాలలేదు, ముద్దలు ముద్దలుగా పడ్డాయి.

ఆకుమడి బోడిగుండు మీద వెంట్రుకల్లా అక్కడక్కడా లేచింది. పదిహేను రోజుల తర్వాత ఆయన గట్టు మీద నిలబడి చూసి తల అడ్డంగా ఊపేరు.

"మండె సరిగా కట్టలేదర్రా. ఎవరు కట్టేరు?"

"ఆయ్, మా ఆవిడేనండి. కొత్త కదండీ" అన్నారు మా ఆయన.

నేను అక్కడే ఉన్నాను. కలుపు పీకుతున్నాను. ఆ మాట ఈ రోజుకీ నాకు మానలేదు. ఆ ఏడు మా ఆకు ఎకరానికి కూడా చాలలేదు. ఊళ్ళో ఊడ్పులైపోయినవాళ్ళ దగ్గర మిగిలిన ముదురు ఆకు అడుక్కొచ్చి నాటాం. ముదురు ఆకు పిలకలేం పెడుతుంది? పంట సగమే వచ్చింది. పెద్దమావగారు చాలా మర్యాదగా చెప్పేరు. వచ్చే ఏడూ ఇలాగే ఉంటే పొలం వేరేవాళ్ళకి ఇచ్చుకుంటాననీ, ఏమీ అనుకోవద్దనీ. మా ఆయన ఏమన్నారో చెప్పక్కర్లేదు.

రెండో ఏడు మళ్ళీ మండె కట్టాను. మళ్ళీ ముక్కు పగిలింది. మళ్ళీ మా ఆయన వెళ్ళొచ్చారు.

"అమలాపురంలో పనుందంట ఆయనకి. ఎల్లుండి చూద్దామన్నారు."

మా ఆయన టీకొట్టుకి వెళ్ళగానే గంపలోకి మొలకలు ఎత్తుకుని పొలానికి బయల్దేరాను. గట్టు ఎక్కి వెనక్కి చూస్తే మా అత్తగారు! నెత్తి మీద రెండో గంప. మండె విప్పకూడదని నిరుడు నాతో గొడవపడిన మనిషి.

"నా కాలంలో మూడుసార్లు ఉడికిపోయిందే" అంది రొప్పుతూ. "మూడుసార్లూ నన్నే అన్నారు."

ఇద్దరం నాలుగు విడతలు మోశాం. బురద పేరుకుని నీళ్ళు తేరిన మడిలోకి దిగి, మణికట్టు విదిలించి ఒక్కో గింజా విడిగా పడేలా చల్లాను. ఆడది విత్తనం చల్లితే మొలవదంటారు. నాట్లు మాత్రం ఆడదే వెయ్యాలి, కలుపు ఆడదే తియ్యాలి, నడుము ఆడదానిదే విరగాలి. చల్లుతూ ఇవన్నీ పైకే తిట్టుకున్నాను. అత్తగారు గట్టు మీద కూర్చుని ఊఁ కొట్టింది.

అంతా చల్లాక ఆవిడే అంది, మూలన చాపంత చోటు వదిలెయ్యమని. ఇంట్లో దోసెడు విత్తనం పెద్దమావగారి కోసం ఉంచింది. నాకు ఇష్టం లేదు. కానీ కౌలు గుర్తొచ్చి వదిలాను.

మా ఆయన చూసి మడి గట్టు మీదే కూలబడ్డారు. "పెదనాన్నగారికి ఏం చెప్పనే?"

"మీరేం చెప్పక్కర్లేదండి. వచ్చాక ఆ మూల చల్లమనండి, చాలు."

మూడో రోజు పెద్దమావగారు వచ్చేరు. చల్లిన మడి ఆయనకి కనిపించకపోలేదు. గింజలు ఎదురుగా బురద మీద పచ్చముక్కు వేసి ఉన్నాయి. ఒక్క నిమిషం చూసి, దణ్ణం పెట్టుకుని, చుట్టుకుపోయిన ఆ దోసెడూ మూలన విసిరేసి కాళ్ళు కడుక్కున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. మా వైపు మర్యాదంటే అదే.

ఆ ఏడు ఆకు మడంతా ఒత్తుగా, సమానంగా లేచింది, ఆ మూల తప్ప. దారినపోయే ప్రతివాడికీ కనిపించేది. పంట పండింది. కుప్ప నూర్చిన రోజు అందరూ పెద్దమావగారి చెయ్యి గురించే మాట్లాడారు. మా ఆయన చేతులు కట్టుకుని "ఆయ్, అంతా మీ చేతి చలవేనండి" అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది. నేను నూర్చేవాళ్ళకి మంచినీళ్ళు పోస్తున్నాను. చెంబు విసిరికొట్టాలనిపించింది. అత్తగారు నా మోచెయ్యి పట్టుకుంది. కౌలు నిలబడింది కదే అని గొణిగింది.

ఆ తర్వాత ప్రతి సార్వాకీ అదే తంతు. నేను చల్లడం, మూలన వదలడం, ఆయన విసరడం. మధ్యలో ఒకసారి వ్యవసాయశాఖ ఆఫీసరు వచ్చి స్కూలు అరుగు మీద మగవాళ్ళని కూర్చోబెట్టి, మండె ఎన్ని గంటలు ఉంచుతున్నారని అడిగాడు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన "ఆయ్, మామూలుగానేనండి" అన్నారు. దారిలో పోతున్నదాన్ని ఆగి, "ఇరవై నాలుగు గంటలండీ, ఎండ ముదిరితే ఇంకా తక్కువ" అని అరిచాను. ఎవరమ్మా అది అన్నాడు ఆఫీసరు. "మా కోడలులెండి" అన్నారు పెద్దమావగారు, ఈగని తోలినట్టు.

రెండువేల సంవత్సరం దాటాక పెద్దమావగారు పోయారు. మా అత్తగారు అంతకు రెండేళ్ళ ముందే పోయింది. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మా వాళ్ళంతా ఒక సంగతి తేల్చేశారు. అందరి మళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు దెబ్బతిన్నాయి గానీ మా మడి పదేళ్ళుగా తప్పలేదు. కాబట్టి ఆ మంచి చెయ్యి ఇప్పుడు మా ఆయనకి వచ్చింది! "ఇక మీరే రావాలండి మొదటి పిడికెడుకి" అన్నారు. మా ఆయన నావైపు ఒక్కసారి చూశారు. వడ్డిస్తున్న గరిటె పట్టుకుని నేను ఎదురుచూశాను. చెబుతారనుకున్నాను.

"ఆయ్" అన్నారు.

మరుసటి ఏడు నుంచి భుజాన కండువా వేసుకుని ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టారు. ప్రతి ఇంట్లో పెసరట్టు, కాఫీ. రేపంటే రేపు, ఎల్లుండంటే ఎల్లుండి. ఎన్ని మండెలు ఉడికిపోయాయో దేవుడికే తెలియాలి. ప్రతి చోటా ఎవరో ఒక కోడలు మాట పడే ఉంటుంది.

ఒకనాటి మధ్యాహ్నం మా వాళ్ళ ఇంటికి కొత్తగా వచ్చిన కోడలు పెరటి దారిన పరిగెత్తుకొచ్చింది. చేతికి తడి వడ్లు అంటుకుని ఉన్నాయి.

"అత్తయ్యగారండీ, మండె కాలిపోతోందండీ. మావయ్యగారు రేపు వస్తానన్నారంట. మావారు అలాగేనండి అన్నారంటండీ."

"గంప తియ్యి" అన్నాను.

ఇద్దరం చల్లాం. చివరికొచ్చేసరికి ఆ పిల్ల ఆగి, "మావయ్యగారికి మూలన కొంచెం ఉంచమంటారా?" అని అడిగింది. ఉంచమనే చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. అన్నేళ్ళూ నేను వదిలిన మూలలన్నీ కళ్ళముందు తిరిగాయి. నామీద నాకే కడుపు మండింది.

"వద్దు. మొత్తం చల్లేసెయ్" అన్నాను.

మర్నాడు పదింటికి వెళ్ళిన మా ఆయన పావుగంటలో తిరిగొచ్చారు. మొహం కందగడ్డలా ఉంది.

"ఒక్క దోసెడైనా ఉంచలేదేంటే? నలుగురూ చూశారు."

"ఆ దోసెడు కూడా మొలవాల్సిన విత్తనమేనండి."

ఆయన అరుగు మీద చతికిలబడ్డారు. తర్వాత గొంతు తగ్గించి అడిగారు. "ఇన్నేళ్ళూ చల్లింది నువ్వేనని వాళ్ళకి చెప్పేశావా?"

"నేను చెప్పలేదండి. అది మీరు చెప్పాల్సిన మాట."

ఇంతవరకూ చెప్పలేదు. అందుకని నేనే రాస్తున్నాను.